తిరుమల ఘాట్‌లో స్కూటర్, బైకు: దిగేటప్పుడు బ్రేకులు, హెల్మెట్, వెనక కూర్చునేవాళ్ల జాగ్రత్తలు

జీవకోన_110:
అందరికీ నమస్కారం. 110 సీసీ స్కూటర్, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. అమ్మను కూర్చోబెట్టుకుని కొండకు పోవాలి. దిగేటప్పుడు స్కూటర్‌కు బ్రేకులు పట్టవని కొందరు, ఏం కాదని కొందరు అంటున్నారు. షెడ్డులో ఏమేం చూపించుకోవాలి? దారిలో ఎట్లా తోలాలి? అమ్మ చీరలోనే వస్తుంది. నాకు గుండు మొక్కు కూడా ఉంది.

మంగళం_షెడ్డు:
బ్రేకు పట్టకపోవడం వేడితో వచ్చే సమస్య తమ్ముడూ. లివర్ వదలకుండా ఒత్తిపట్టుకుని దిగితే లైనరు, అంటే డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే పట్టీ, కాగిపోతుంది. కాగిన లైనరుకు పట్టు తగ్గుతుంది. డ్రమ్ము కూడా వేడికి వ్యాకోచించి లైనరుకు దూరమవుతుంది. అప్పుడు లివర్ హ్యాండిల్‌కు ఆనినా బండి జారుతూనే ఉంటుంది.

పోయే ముందు ఇవి చూసుకో. బ్రేక్ పూర్తిగా నొక్కినప్పుడు చక్రం దగ్గర బ్రేక్ ఆర్మ్ మీది బాణం, ప్లేటు మీది గుర్తును చేరిందంటే లైనర్లు అయిపోయినట్టే. నట్టు ఇంకో రెండు చుట్లు బిగించి సరిపెట్టుకోవద్దు, మార్పించు. లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. ఆట, అంటే బ్రేకు పట్టకముందు వదులుగా కదిలే దూరం, ఉండాలి. ఆట బొత్తిగా లేకుండా బిగిస్తే లైనరు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది, అలిపిరి చేరేసరికే డ్రమ్ము వేడెక్కుతుంది. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. కేబుల్ చివర ఒక్క తీగ తెగి కనబడినా కేబుల్ మార్చాల్సిందే.

పీలేరు_125:
గేరు బండి వాళ్లకు ఒక మాట. ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్‌లో, దిగేది 1944 నాటి మొదటి ఘాట్‌లో. పాత దారిలో మలుపులు బాగా ఇరుకు. 100, 125 సీసీ బండ్లయితే ఎక్కువ దూరం సెకండ్ గేరులోనే దిగాలి, అప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. వాలు తగ్గిన చోట థర్డ్ చాలు. గేరు మలుపుకు ముందే దించుకోవాలి. మలుపు మధ్యలో క్లచ్ పట్టి గేరు వెతికితే ఆ రెండు సెకన్లూ బండిని ఇంజన్ పట్టి ఉంచదు, సరిగ్గా అప్పుడే వేగం పెరుగుతుంది.

పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. తాళం పొరపాటున లాక్ వైపు తిరిగితే హ్యాండిల్ బిగుసుకుంటుంది. ఇంజక్షన్ బండ్లలో అయితే గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజన్‌కు పెట్రోలు దాదాపు పోదు. ఆపి మిగిల్చుకునేది ఏమీ ఉండదు.

ఇక వేగం. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం. దారి దాదాపు 19 కి.మీ. అంటే సగటున గంటకు 28, 29 కి.మీ. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు. కొందరు జోరుగా దిగేసి, కింద టోల్‌గేటు ముందు టైము కోసం ఆగి నిలబడతారు. ఆ మిగిలిన నిమిషాలు పైన మలుపుల్లో వాడుకుంటే బ్రేకులు చల్లగా ఉంటాయి.

కరకంబాడి_రైడర్:
స్కూటర్‌కు గేర్లే లేవు కదా అన్నా, ఇంజన్ పట్టు ఎక్కడినుంచి వస్తుంది? ఇద్దరితో ఘాట్‌కు స్కూటర్ వద్దనే నేనంటాను.

మంగళం_షెడ్డు:
ఉంటుంది. గేరు బండి కంటే తక్కువ, అంతే. స్కూటర్‌లో వెనక చక్రం వైపు సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి బాగా నెమ్మదించాక, అంటే సుమారు 15 కి.మీ. దగ్గర, క్లచ్ విడిపోతుంది. అక్కడినుంచి బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే దొర్లుతుంది, వాలులో వేగం పెరిగినా ఇంజన్ దానంతట అది పట్టుకోదు. మలుపు తిరిగాక యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి వదిలితే క్లచ్ మళ్లీ కలుస్తుంది, ఇంజన్ వెనక్కి లాగడం చేతికి తెలుస్తుంది. ఈ ఒక్కటి అలవాటైతే డ్రమ్ బ్రేకులకు సగం పని తగ్గుతుంది.

బ్రేకు గట్టిగా కొట్టు, వేగం దిగగానే వదిలెయ్యి. వదిలినప్పుడే డ్రమ్ముకు గాలి తగిలేది. రెండు లివర్లూ వాడాలి. సీబీఎస్ ఉన్న స్కూటర్లలో ఎడమ లివర్ రెండు చక్రాలనూ పట్టుకుంటుంది, అయినా కుడిది వదిలేయొద్దు. లివర్ మెత్తబడినట్టు, లోపలికి ఎక్కువ పోతున్నట్టు అనిపిస్తే మలుపులు దాటి, వెడల్పున్న చోట ఎడమ పక్కకు తీసి ఆపు. 10, 15 నిమిషాలు చాలు. వేడి మీద నీళ్లు మాత్రం పోయొద్దు, డ్రమ్మయినా డిస్కయినా వంకర పోవచ్చు, పగలొచ్చు.

చిత్తూరు_డిస్క్:
డిస్క్ ఉందని ధీమా పడేవాళ్లు బ్రేక్ ఆయిల్ సంగతి మరిచిపోతారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్ వేడికి లోపల ఆవిరి బుడగలు పుడితే, లివర్ నొక్కినా నలిగేది ఆ బుడగలే, డిస్క్‌ను పట్టే ప్యాడ్ కదలదు. రెండేళ్లకొకసారి మార్పించండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయించండి. ప్యాడ్ మందం 2 మి.మీ.కి వచ్చిందంటే కొండకు పోయే ముందే కొత్తవి వేయించాలి. కొత్త ప్యాడ్‌లు, లైనర్లు వేసిన రోజే ఘాట్ ఎక్కొద్దు, అవి కుదురుకోవడానికి ఊర్లో కొన్ని రోజులు తిరగాలి.

కపిలతీర్థం_రోడ్డు:
గుండు గురించి ఎవరూ చెప్పలేదు. జుట్టుతో సరిపోయిన హెల్మెట్ గుండు తర్వాత వదులవుతుంది. పైగా గంధం పూసుకుంటే లోపలి గుడ్డ మీద జారుతుంది. పట్టీ బిగించి ఉన్నా, వెనకనుంచి ఎత్తితే ముందుకు దొర్లి ఊడిపోయే హెల్మెట్ ఉన్నా లేనట్టే. తలకు గుడ్డ టోపీ, అదే బాలక్లావా, ఒకటి సంచిలో పెట్టుకో. గంధం ఆరాక అది వేసి, పైన హెల్మెట్ పెట్టు. తల అటూఇటూ ఊపితే హెల్మెట్ విడిగా కదలకూడదు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకు మించి పట్టకూడదు. అమ్మకు గుండయితే ఆమెకూ ఇదే లెక్క.

ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 అని ఉన్నదే కొనండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనివి అమ్మడమే నేరం. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది, రెండోసారి కాపాడదు.

తిరుచానూరు_నుంచి:
అమ్మ విషయం. ఒకవైపుకు కూర్చుంటే బరువంతా ఎడమకు ఒరుగుతుంది, మలుపులో ఆమె పట్టుకోవడానికీ ఆధారం తక్కువ. వీలైతే చుడీదార్ వేసుకుని రెండువైపులా కాళ్లేసి కూర్చోమని చెప్పండి. చీరే అయితే కొంగు నడుముకు చుట్టి దోపాలి, కుచ్చిళ్లు మోకాళ్ల కింద అణిచి పెట్టుకోవాలి. బైకులకు చీర గార్డు కచ్చితంగా ఉండాలి. వెనక చక్రంలో కనీసం సగం కప్పాలని మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. అందం కోసం పీకేసిన బండి మీద చీర కట్టినవాళ్లను ఎక్కించుకోవద్దు. చున్నీ, కొంగు చైన్‌లో పడితే వెనకవాళ్లను ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది.

ప్రసాదం సంచి హ్యాండిల్‌కు తగిలించొద్దు. మలుపులో అది ఊగి హ్యాండిల్‌ను లాగుతుంది. సీటు కింద డిక్కీలోనో, వీపు సంచిలోనో పెట్టండి.

జీవకోన_110:
చాలా ఉపయోగపడింది. అక్క కూతురు, మూడేళ్ల పాప, కూడా వస్తానంటే?

తిరుచానూరు_నుంచి:
పాపను బస్సులో పంపండి. స్కూటర్ మీద ఇద్దరికే చోటు. మామూలుగా నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే తోలేవాళ్లకు కట్టే బెల్టు, పిల్లల హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. అమ్మతో కలిపి మాత్రం కుదరదు.

పీలేరు_125:
టైర్లు మిగిలాయి. ఇద్దరు కూర్చుంటే టైరు గాలి వేరే లెక్క, మాన్యువల్‌లో లేదా బండి మీది స్టిక్కర్‌లో ఉంటుంది. వెనక టైరుకు తేడా ఎక్కువ. టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. టైరు పక్కనున్న నాలుగంకెల్లో మొదటి రెండు అది తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అయిదేళ్లు దాటితే గాడి ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన రోజుల్లో ఇది ముఖ్యం. చినుకులు మొదలైన తొలి పది నిమిషాలు రోడ్డు మీది ఆయిల్ తేలి ఎక్కువ జారుతుంది. బస్సు మలుపు తిరుగుతుంటే దాని లోపలి పక్కకు దూరొద్దు, వెనక చక్రాలు ముందువాటి కంటే బాగా లోపలికి కోసుకొస్తాయి.

మంగళం_షెడ్డు:
రాత్రిపూట ఘాట్‌లోకి టూవీలర్లను వదలరు, ఆ సమయాలు మారుతుంటాయి. బయల్దేరే రోజు అడిగి, వెలుతురు ఉండగానే కిందికి వచ్చేలా దర్శనం చూసుకో. లైనర్లు చూడ్డానికి చక్రం విప్పి దుమ్ము తుడిచి మళ్లీ బిగించాలి, అరగంట పని. ప్రయాణానికి వారం ముందు తీసుకుపో.