నశించదన్నరు, మళ్లా నష్టమంటరేంది సార్?

హాలియా సారు:
తొమ్మిదో తరగతికి పని, శక్తి పాఠం చెప్తున్నా. సోమవారం నాడు "శక్తిని సృష్టించలేం, నశింపజేయలేం" అని బోర్డు మీద రాసి, పిల్లలతో రెండుసార్లు చదివించి, శక్తి నిత్యత్వ నియమం అయిపోయిందనుకున్నా. మంగళవారం మోటరు లెక్క చేస్తూ ఇచ్చిన శక్తి ఇంత, జరిగిన పని ఇంత, మిగిలింది శక్తి నష్టం అన్నాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, నిన్న నశించదన్నరు, ఇయ్యాల నష్టమంటున్నరు, పరీక్షల ఏది రాయాలె?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వి కూర్చోమన్నా.

ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే తెలిసింది, వాడి ప్రశ్న నవ్వి ఊరుకునేది కాదని. నశించు, నాశనం, నష్టం మూడూ "నశ్" అనే ఒక్క సంస్కృత ధాతువు నుంచి వచ్చినవే. నష్టం అంటే మొదటి అర్థం నశించినది అనే. సోమవారం ఏది జరగదని చెప్పానో, మంగళవారం అదే జరిగిందని అదే మాట తిప్పి చెప్పానన్నమాట. వాడుకలో పంట నష్టం, యాపారంల నష్టం అని అర్థం వేరే దారి పట్టింది, కాదనను. కానీ పాఠంలో రెండు మాటలూ పక్కపక్కనే వస్తుంటే పిల్లలకు తికమక రాకుండా ఎట్లుంటది?

నాకు తోచిన మాట తరుగు. శక్తి తరుగు. మీరేమంటారు?

కల్వకుర్తి అక్క:
సారూ, తరుగు మాట వింటేనే నాకు కడుపు మండుతది. పోయిన యాసంగిల వడ్లు అమ్మనీకి పోతే తేమ అని, తాలు అని 40 కిలోల బస్తాకు రెండు కిలోలు తీసిండ్రు. ఆ మాట తెచ్చి సైన్సు పుస్తకంల పెడ్తరా?

హాలియా సారు:
అక్కా, కోపంలో నా వాదన నువ్వే గట్టిగా చెప్పినవు. ఆ రెండు కిలోలు గాలిలో కలిసిపోయినయని నువ్వు అనుకోలేదు కదా, ఎవరి బస్తాలోకి పోయినయని అడిగినవు. తరుగు అన్నప్పుడు మనిషి నోటికి మొదట వచ్చేది "ఏడికి పోయింది?" అనే. నష్టం అన్నామంటే తల కొట్టుకొని ఊరుకుంటాం. ఫిజిక్సుకు కావాల్సింది ఆ మొదటి ప్రశ్నే.

మిల్లు తమ్ముడు, మిర్యాలగూడ:
మా దగ్గర వంద కిలోల వడ్లు మర పడితే సర్కారుకు పచ్చి బియ్యం 67 కిలోలు ఇయ్యాలె, ఉప్పుడు బియ్యమైతే 68. మిగిలిన 33 కిలోలు నష్టమని ఏ గుమస్తా రాయడు. ఊక బాయిలర్ల కాలుతది, తవుడు నూనె మిల్లుకు పోతది, కొంత తేమ, కొంత దుమ్ము. మొత్తం కూడితే వందే కావాలె, కాకపోతే ఓనరు ఊకోడు. వందకు ఎంత బియ్యం వచ్చిందో దాన్ని మేము ఔట్‌టర్న్ అంటం, అదేనా మీ దక్షత సారూ?

హాలియా సారు:
అదే తమ్మీ. పెట్టినదాంట్లో పనికొచ్చింది ఎంతో చెప్పేదే దక్షత, ఇంగ్లీషులో ఎఫిషియెన్సీ. వందకు 67 అంటే 67 శాతం దక్షత. ఈ దక్షత మాట మీద కూడా నాకో తగాదా ఉంది. కార్యదక్షత, పాలనాదక్షత అని విని విని పిల్లలు దక్షత అంటే గొప్పతనం అనుకుంటున్నారు. "5 హెచ్‌పీ మోటరుకా, 10 హెచ్‌పీ మోటరుకా దక్షత ఎక్కువ?" అంటే చూసుకోకుండా పదికి చేతులెత్తుతారు. హెచ్‌పీ చెప్పేది మోటరు బలం, దక్షత కాదు. పేపర్లోమో ఎఫిషియెన్సీని ఇంధన సామర్థ్యం అని రాస్తారు, మా పుస్తకంలో సామర్థ్యం అంటే పవర్, చెరువు దగ్గర సామర్థ్యం అంటే ఎన్ని నీళ్లు పడతాయని. ఒకే మాట మూడు పనులు చేస్తోంది పాపం.

ఒక్కచోట మాత్రం తెలుగే మేలు. ఇంగ్లీషులో నియమానికీ కన్సర్వేషనే, లైట్లు ఆర్పడానికీ కన్సర్వేషనే. డిసెంబరు 14న ఇంధన పొదుపు ర్యాలీ తీస్తే ఇంగ్లీషు మీడియం పిల్ల అడిగింది, శక్తి ఎట్లాగూ కన్సర్వ్ అవుతది కదా, మళ్లీ మనం చేసేదేంది అని. తెలుగులో అది నిత్యత్వం, ఇది పొదుపు, చిక్కే లేదు.

సంస్కృతాభిమాని:
తరుగు మరీ కాంటా మాట అయిపోయింది. క్షయం అనవచ్చు. లేదంటే వృథా శక్తి.

హాలియా సారు:
క్షయం అంటే పిల్లలకు దవాఖాన గుర్తొస్తుంది, పైగా అదీ తగ్గి తగ్గి లేకుండా పోవడమే. వృథా కొంత నయం గానీ అందులో ఒక తీర్పు ఉంది. పాత గుండు బల్బు చూడండి, కరెంటులో నూటికి ఐదు వంతుల దాకే వెలుగు, మిగిలిందంతా వేడి. ఇంట్లో అయితే ఆ వేడి వృథానే. అదే బల్బును షాద్‌నగర్ దిక్కు కోళ్ల ఫారంలో కోడిపిల్లల మీద వేలాడదీస్తే? అక్కడ కావాల్సింది వేడి, వెలుగే తరుగు. బల్బు అదే, మీటరు అదే.

బంగారం పని వాళ్ల అబ్బాయి:
మా నాయిన తరుగు, మజూరీ అని విడిగా రాసేది. గీకినప్పుడు, అరగదీసినప్పుడు రాలిన పొడి చాపలో, కుంపటి బూడిదలో ఉంటది. అందుకే దుకాణం ఊడ్చిన మట్టి ఊరికే పారెయ్యం, కొనుక్కపోయి కడిగి తీసేవాళ్లుంటరు. మోటరు తరుగును కూడా అట్ల ఊడ్చి తెచ్చుకోవచ్చా సార్?

హాలియా సారు:
ఉపమానం సగం దాకా బాగా నడుస్తుంది. సాగర్ పవర్ హౌస్ సంగతి తీసుకో. ఎనిమిది కరెంటు యంత్రాల్లో ఏడు రెండు దిక్కులా తిరిగేవి, కిందికి వదిలిన నీళ్లను కరెంటు పెట్టి మళ్లీ పైకి ఎక్కించడానికి కట్టినవి. ఇలాంటి ప్లాంట్లలో మామూలుగా 100 యూనిట్ల కరెంటు పెట్టి ఎక్కిస్తే తిరిగి 70 నుంచి 80 యూనిట్ల దాకా వస్తాయి. మిగిలిన ఇరవై ముప్పై ఎక్కడికీ పోలేదు, నీళ్లలో, గొట్టాల్లో, గాలిలో వేడిగా పరుచుకున్నాయి. ఉన్నాయి, కానీ ఊడ్వడానికి రావు.

దేవరకొండ రైతు:
నాదొక డౌటు. మా బోరు నీళ్లు చలికాలం పొద్దుగాల గోరువెచ్చగ వస్తయి. గది మోటరు తరుగేనా?

హాలియా సారు:
మంచి డౌటన్నా. లెక్క కట్టి చూద్దాం. మీది ఎంత మోటరు, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి, బకెట్ ఎంతసేపట్ల నిండుతది?

దేవరకొండ రైతు:
5 హెచ్‌పీ. నీళ్లు 330 అడుగులల్ల ఉన్నయి, మోటరు ఇంకా కిందికే దించినం. 15 లీటర్ల బకెట్ పది సెకండ్లల్ల నిండుతది, మొన్ననే ఫోనుల చూసిన.

హాలియా సారు:
330 అడుగులంటే దాదాపు 100 మీటర్లు. మోటరు ఎంత కిందున్నా లెక్కకు రాదు, నీళ్ల మట్టమే లెక్క. సెకనుకు లీటరున్నర, అంటే కిలోన్నర. 1.5ను భూమి ఆకర్షణకు వేసే 9.8తో, 100తో గుణిస్తే 1470 వాట్లు, అంటే సెకనుకు 1470 జౌళ్లు, ఇది నీళ్లను పైకి తేవడానికి సెకనుకు నిజంగా పట్టిన పని. హెచ్‌పీకి 746 చొప్పున, నిండు లోడు మీద నడుస్తుందనుకుంటే, మోటరు ఇరుసు దగ్గర ఇచ్చేది 3730 వాట్లు, లైను నుంచి గుంజేది ఇంకా ఎక్కువే, అది వదిలేద్దాం. 39 శాతం దక్షత. తరుగు 2260 వాట్లు. పంపు లోపల నీళ్లు సుడి తిరిగి, పైపుకు రాసుకొని వేడయ్యేది ఇదే.

ఈ తరుగంతా ఆ నీళ్లలోనే కలిసిందనుకున్నా, లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దగ్గర దగ్గర 4200 జౌళ్లు కావాలి, సెకనుకు వచ్చేది లీటరున్నర. భాగిస్తే 0.36 డిగ్రీ. మోటరులో ఇంకొంత తరుగు కలిపినా అర డిగ్రీ అటూ ఇటూ. అంత తేడా చేతికి తెలవదు. మీకు తగిలే వెచ్చదనం భూమిదే అన్నా, అంత లోతులో ఏడాదంతా నీళ్లు ఒకేలా ఉంటాయి, పొద్దున గాలి చల్లబడేసరికి అవి వెచ్చగా అనిపిస్తాయి.

దేవరకొండ రైతు:
మూడు పాళ్ల కరెంటు పెడితే రెండు పాళ్లు గీ అర డిగ్రీకి పోతుందా? వైండింగు కాలి రెండుసార్లు కట్టించిన మోటరు అది, మార్చాల్నేమో.

కల్వకుర్తి అక్క:
అన్నా, ముందు పంపు విప్పి చూపియ్యి, లోపల ఇసుకకు నీళ్లను తోసే చక్రం, ఇంపెల్లర్, అరిగి ఉంటది. మాది అట్లనే ఉండె.