సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2, తుపాకుల గేమ్) మిరాజ్ మ్యాప్‌లో 'A' సైట్ (బాంబ్ పెట్టే చోటు) కొట్టలేకపోతున్నాం, ఏం చేయాల నా?

కావలి కుర్రోడు: సీఎస్2 లో మేం ఐదుగురం, నెల్లూరులో ఒక గేమింగ్ సెంటర్‌కి పోయి ఆడతాం, టీ సైడ్ (బాంబ్ పెట్టే జట్టు) వస్తే చాలు సైట్‌కి పోయే ర్యాంప్ మీద ఒకడి ఎనకాల ఒకడు పోయి చస్తా ఉండాం, ఏంది నా దీనికి మందు?

ఒంగోలోడు: స్టెయిర్స్, జంగిల్, సీటీ అనే మూడు చోట్లా స్మోక్‌లు (చూపు కప్పే పొగ బాంబులు) పడకుండా పోబాకండి. ర్యాంప్ నించి ముగ్గురు, ప్యాలెస్ (సైట్‌కి ఇంకో దారి) నించి ఇద్దరు, ఫ్లాష్ (కళ్లు కనపడకుండా చేసే బాంబ్) పేలంగానే ఒకేసారి దిగాల, ముందోడు చస్తే ఎనకోడు ఆ చంపినోడ్ని అప్పుడే లేపాల, ట్రేడ్ అంటే అదే.

కావలి కుర్రోడు: ట్రేడా.. మావోడు అప్పుడు రీలోడ్ కొట్టుకుంటా ఉంటాడు 😂

కందుకూరు బుల్లెట్: రౌండ్ 1:55 నిమిషాలు ఉంటది, మొదట్లోనే ఎగబడేదెందుకు? మిడ్‌లో (మ్యాప్ నడిమధ్యలో) ఒకడు సద్దు చేస్తే అవతలి జట్టోళ్లు అటు కదుల్తారు, అప్పుడు కొట్టండి. బాంబ్ పెట్టినాక అది పేలేదానికి 40 సెకన్లే, కిల్స్ కోసం ఉరకబాకండి.