‘ఆదేశం’, ‘స్థాని’: జేసీఎల్ ఫైళ్లలో మూకుమ్మడి మార్పులకు వ్యాకరణ పరిభాష సరిపోతుందా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) పనిలో కొత్తగా చేరేవారి కోసం తెలుగులో ఒక చిన్న కరదీపిక రాస్తున్నాను. వందలాది జేసీఎల్ (ఆ కంప్యూటర్‌కు ఏ పని ఎలా నడపాలో చెప్పే జాబ్ కంట్రోల్ లాంగ్వేజ్) మెంబర్లలో, అంటే ఒక లైబ్రరీలోని ఫైళ్లలో, ఒక పేరును తీసి మరొక పేరు పెట్టే పనికి అందులో ఒక అధ్యాయం కేటాయించాను. ‘ఫైండ్’, ‘ఛేంజ్’ వంటి కమాండ్ల పేర్లను అలాగే ఉంచుతున్నాను. వాటిని తెనిగించాలన్న పట్టుదల నాకు లేదు. అయితే వివరణలో తొలగిపోయే పాఠాన్ని ఏమనాలో, దాని చోటికి వచ్చే పాఠాన్ని ఏమనాలో, మార్పు ఎక్కడ జరగాలో చెప్పే షరతును ఏమనాలో తేలడం లేదు. ‘ప్రతిక్షేపణ’ అని రాస్తే లెక్కల పుస్తకంలా ఉందని ఒక మిత్రుడు అన్నారు. ‘గంపగుత్త మార్పు’ అంటే మంచీచెడూ చూడకుండా చేసిన పనిలా వినిపిస్తోందని ఇంకొకరు అన్నారు. మన వ్యాకరణంలో దీనికి తగిన మాటలేమైనా ఉన్నాయా?

జవాబు:

ఉన్నాయండీ. ఒక వర్ణాన్ని తొలగించి దాని చోట మరొక వర్ణం వస్తే, వచ్చినదాన్ని వ్యాకరణం ‘ఆదేశం’ అంటుంది, తొలగినదాన్ని ‘స్థాని’ అంటుంది. ఉన్నదాన్ని కదపకుండా కొత్త వర్ణం వచ్చి పక్కన చేరితే అది ‘ఆగమం’. ‘శత్రువదాదేశః, మిత్రవదాగమః’ అని సంస్కృతం చదువుకున్నవారు వల్లె వేసే మాట ఈ తేడానే చెబుతుంది: ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి వెళ్లగొడుతుంది, ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది. ‘వాడు కొట్టె’ అన్నచోట కకారం పోయి ‘వాడు గొట్టె’ అయితే అది గసడదవాదేశం. ‘మా అమ్మ’ అన్నచోట రెండు అచ్చులూ నిలిచి నడుమ యకారం చేరి ‘మాయమ్మ’ అయితే అది యడాగమం.

మీరు అడిగిన షరతుకు ‘నిమిత్తం’ అన్న మాట ఉంది. ప్రథమా విభక్తి మీది పరుషాలకు (క, చ, ట, త, ప) గసడదవలు (గ, స, డ, ద, వ) బహుళంగా వస్తాయని చెప్పే సూత్రాన్ని విడదీసి చూస్తే పరుషాలు స్థాని, గసడదవలు ఆదేశం, ‘ప్రథమ మీది’ అన్నది నిమిత్తం. ఈ చివరి భాగం లేకపోతే తెలుగులో ఉన్న ప్రతి కకారమూ గకారం అయిపోతుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైళ్లను దిద్దే ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌లో నిమిత్తం రాయకుండా ‘ఛేంజ్ ఆల్’ కొట్టినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైలు) పేర్లలో మొదటి భాగంగా ఉన్న ‘పే’ను ‘పేరోల్’గా మార్చాలి అనుకోండి. నిమిత్తం లేకుండా మారిస్తే ‘పేస్లిప్’ కాస్తా ‘పేరోల్‌స్లిప్’ అవుతుంది, ‘రీపే’ వెళ్లి ‘రీపేరోల్’ అవుతుంది. డేటాసెట్ పేరులో చుక్కల నడుమ ఉండే ప్రతి భాగమూ ఎనిమిది అక్షరాలకు మించకూడదు. ఇంగ్లిష్ లిపిలో లెక్కిస్తే వీటిలో మొదటిది పదకొండు, రెండవది తొమ్మిది. ఈ రెండు తప్పులూ జాబ్ (జేసీఎల్‌లో రాసిన పని) నడవకముందే బయటపడతాయి కాబట్టి అదృష్టమనుకోవాలి. ఎనిమిది అక్షరాల లోపలే ఒదిగిపోయిన తప్పు పేరు ఎవరి కంటా పడదు. అందుకే ఛేంజ్ కమాండ్‌కు ‘వర్డ్’, ‘ప్రిఫిక్స్’, ‘సఫిక్స్’ అన్న నిమిత్తాలు ఇచ్చారు. ‘వర్డ్’ అని చేరిస్తే, రెండు వైపులా అక్షరం గాని అంకె గాని లేని ‘పే’ మాత్రమే స్థాని అవుతుంది. చుక్క అక్షరం కాదు కాబట్టి ‘పే.మాస్టర్’ మారుతుంది, ‘పేస్లిప్’ మారదు.

ఇందులో నాకు మరింత నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. గసడదవలలో ఏదీ తిరిగి పరుషం కాదు కాబట్టి, ఆ సూత్రాన్ని రెండోసారి ప్రయోగించినా కొత్తగా మారేది ఏమీ ఉండదు. ‘పే’ను ‘పేరోల్’ చేసే మార్పు అలాంటిది కాదు, ఎందుకంటే ఆదేశం కడుపులో స్థాని మళ్లీ కూర్చుని ఉంది. సగం మెంబర్లు మారిన తరువాత పని ఆగిపోయి, మొదటి నుంచి మళ్లీ నడిపితే, అప్పటికే మారినచోట ‘పేరోల్‌రోల్’ పుడుతుంది. ‘వర్డ్’ అన్న నిమిత్తం ఈ ప్రమాదాన్ని కూడా తప్పిస్తుంది. కరదీపికలో ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన చూపించండి.

మరొక సభ్యుడి అభ్యంతరం:

వ్యాకరణం వరకు మీరు చెప్పినది ఒప్పుకుంటాను. కాని నేటి తెలుగు పాఠకుడికి ‘ఆదేశం’ అంటే ఆజ్ఞ. కలెక్టరు ఆదేశాలు, కోర్టు ఆదేశాలు అన్న అర్థమే ముందుగా స్ఫురిస్తుంది. పైగా జేసీఎల్ అన్నదే ఆజ్ఞల భాష. అందులో ‘ఆదేశం చేయండి’ అని రాస్తే పాఠకుడు జాబ్ సబ్మిట్ చేయమన్నారనుకుంటాడు. అదీకాక ‘పే’ పక్కన ‘రోల్’ చేరినప్పుడు స్థాని నిలిచే ఉంది కదా. దాన్ని ఆగమం అని ఎందుకు అనకూడదు?

జవాబు:

రెండో ప్రశ్నకు ముందుగా చెబుతాను. ఫలితం చూస్తే ఆగమంలా కనిపించేమాట నిజమే గాని, ఎడిటర్ చేసే పని చూస్తే అది మూడు అక్షరాలను తీసేసి ఏడు అక్షరాలను పెడుతుంది. కొత్త డీడీ స్టేట్‌మెంటును (జాబ్ వాడే డేటాసెట్‌ను చూపే పంక్తిని) రెండు పాత లైన్ల నడుమ చొప్పిస్తే దాన్ని నేనూ ఆగమమనే అంటాను.

మొదటి అభ్యంతరంలో బలం ఉంది. అయితే ఈ వృత్తిలో ఉన్నవారు ఆజ్ఞను ‘కమాండ్’ అంటారు, జేసీఎల్ పంక్తిని ‘స్టేట్‌మెంట్’ లేదా ‘కార్డు’ అంటారు. ఆ అర్థంలో ‘ఆదేశం’ అనేవారు నాకు తారసపడలేదు. అయినా తికమకకు తావు ఉంటుందనిపిస్తే ‘ఆదేశపాఠం’ అని సమాసం చేసి వాడండి. ‘స్థాని’కి పోటీ అర్థం లేదు, దాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు.

‘ప్రతిక్షేపణ’ను మాత్రం పూర్తిగా వదులుకోవద్దు, దానికి ఇదే రంగంలో వేరే పని ఉంది. బీజగణితంలో చరరాశి చోట విలువను ప్రతిక్షేపించినప్పుడు అసలు సమీకరణం అలాగే ఉంటుంది, రేపు మరో విలువతో చూసుకోవచ్చు. జేసీఎల్‌లో ‘సెట్’ స్టేట్‌మెంటుతో విలువ ఇచ్చే సింబాలిక్ పారామీటర్ల తీరు అదే: ఫైలులో రాసినది చెక్కుచెదరదు, వ్యవస్థ జాబ్‌ను చదివే సమయంలో విలువ ఆ చోటికి వస్తుంది. ఛేంజ్ కమాండ్‌తో చేసే మార్పులో స్థాని ఫైలులోనుంచే పోతుంది. మొదటిదాన్ని ప్రతిక్షేపణ అనీ, రెండోదాన్ని ఆదేశం అనీ అంటే, ఇంగ్లిష్‌లో ఒకే మాటకింద కలిసిపోయే రెండు పనులు మన భాషలో విడిగా నిలుస్తాయి.

ఈ రెండూ కలిసే చోట ఒక చుక్క చాలామందిని ఇబ్బంది పెడుతుంది. ‘పే.మాస్టర్’ అన్న పేరులో ‘పే’ను తీసి సింబల్ పెట్టాలంటే ‘&హెచ్‌ఎల్‌క్యూ..మాస్టర్’ అని రెండు చుక్కలు రాయాలి. మొదటి చుక్క సింబల్ ఎక్కడ ముగిసిందో చెప్పి తాను మాయమవుతుంది, రెండోది పేరులో మిగులుతుంది. ఒకే చుక్క ఉంచితే, సింబల్ విలువ ‘పేరోల్’ అయినప్పుడు ‘పేరోల్‌మాస్టర్’ అని రెండు భాగాలూ అతుక్కుపోయి పదమూడు అక్షరాల చెల్లని పేరు తయారవుతుంది. తన పని చెప్పి లోపించే ఇలాంటి గుర్తును వ్యాకరణం ‘ఇత్తు’ అంటుంది. టుగాగమంలో ‘టుక్’ అని చెప్పినా ప్రయోగంలో మిగిలేది టకారమే. చివరి కకారం ఆ ఆగమం ముందున్న పదం చివర చేరాలని తెలిపి వెళ్లిపోతుంది. ‘కరకుటమ్ము’లో కనిపించేది ఆ టకారమే.

ప్రశ్న అడిగినవారు:

కృతజ్ఞతలు. ‘నిమిత్తం’ నా సమస్యను చాలావరకు తీర్చింది. లైను పొడవు పెరిగినప్పుడు వచ్చే చిక్కుకూ వ్యాకరణంలో పోలిక ఉందా?

జవాబు:

లేదు, దాన్ని వెతకడం కూడా అనవసరం. మాటకు కాలమ్‌ల హద్దు లేదు, జేసీఎల్‌కు ఉంది. ఎనభై కాలమ్‌ల పంచ్‌కార్డు కాలం నుంచి వచ్చిన నియమం ప్రకారం ఆపరాండ్లు (స్టేట్‌మెంటులో ఇచ్చే వివరాలు) 71వ కాలమ్ దాటకూడదు. 73 నుంచి 80 వరకు వరుస సంఖ్యలకు విడిచిపెట్టిన చోటు. నాలుగు అక్షరాలు పెరిగిన లైను ఆ హద్దు దాటితే, దాటిన భాగాన్ని వ్యవస్థ లెక్కలోకి తీసుకోదు. కాబట్టి మార్పుకు ముందే ‘బౌండ్స్’ను (ఎడిటర్ పనిచేసే కాలమ్‌ల హద్దులను) 1 నుంచి 71గా పెట్టమని రాయండి; అప్పుడు చోటు చాలని లైనును ఎడిటర్ మార్చకుండా వదిలి, దాని పక్కన ‘ఎర్’ అన్న గుర్తు పెడుతుంది. ఆ లైన్లను చేత్తో విడగొట్టుకోవాలి. ‘డీడీ స్టార్’ కింద ఉండే ఇన్‌స్ట్రీమ్ డేటాను (జేసీఎల్ లోపలే రాసిన డేటాను) మాత్రం మార్పు పరిధి నుంచే తప్పించాలి, ఎందుకంటే అక్కడ ఒక విలువ ఏ కాలమ్‌లో ఉందన్నదే దాని అర్థం కావచ్చు. ఇది మీ సూత్రానికి ‘నిషేధం’ అవుతుంది.

వ్యాకరణంతో పోలిక తెగిపోయే చోటు ఇంకొకటి ఉంది, కరదీపికలో దాన్ని తప్పక చెప్పండి. పాణినీయంలో ‘స్థానివద్భావం’ అని ఒకటుంది: కొన్ని మినహాయింపులతో, ఆదేశం స్థానికి ఉన్న ధర్మాలన్నీ తెచ్చుకుంటుంది. డేటాసెట్ పేర్లలో అలాంటి వారసత్వం లేదు. ‘పే’కు ఉన్న క్యాటలాగ్ (ఏ డేటాసెట్ ఎక్కడ ఉందో చెప్పే పట్టిక) నమోదు గాని, ర్యాక్ఎఫ్ అనే భద్రతా వ్యవస్థలో ఇచ్చిన అనుమతులు గాని ‘పేరోల్’కు వాటంతటవి రావు. జాబ్ కార్డులో ‘టైప్‌రన్ స్కాన్’ పెట్టి చూస్తే వాక్యనిర్మాణం సరిగా ఉందని తేలుతుంది గాని, ఆ పేరుతో డేటాసెట్ ఉందో లేదో తేలదు. కొత్త పేర్ల జాబితా తీసి క్యాటలాగ్‌తో విడిగా సరిచూసుకోవాలి.

ఇక ‘గంపగుత్త’ సంగతి. దానిలో ఏరివేత లేదన్న ధ్వని ఉన్నమాట నిజం, మీ మిత్రుడు సరిగానే విన్నారు. ‘మూకుమ్మడి’కి అంతా ఒకేసారి అన్న అర్థం ఉంది గాని చూడకుండా చేశారన్న నింద లేదు. రెక్స్ అనే స్క్రిప్టు భాషలో రాసిన ఎడిట్ మాక్రోను (ఎడిటర్ కమాండ్ల వరుసను) లైబ్రరీలోని ప్రతి మెంబరు మీదా వరుసగా నడిపే పనికి నేనైతే ‘మూకుమ్మడి మార్పు’ అనే రాస్తాను. నిమిత్తం లేని ‘ఛేంజ్ ఆల్’ను హెచ్చరికగా చూపించే పేరాలో ‘గంపగుత్త’ను వాడుకోండి.