ఎలక్ట్రిక్ గిటార్ బాడీకి ఏ చెక్క? వారం నుంచి తేలడం లేదు

ఆరుతీగలు:
అందరికీ నమస్కారం. పదేళ్లుగా వాయిస్తున్నా గానీ గిటార్ విప్పి లోపల చూసింది ఎప్పుడూ లేదు. ఇప్పుడు స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ మోడల్) ఆకారంలో ఒకటి సొంతంగా చేసుకుందామని కూర్చున్నాను. మేపుల్ నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ) వచ్చేసింది, పికప్‌లు ఉన్నాయి, చెక్క తవ్వే రూటర్ అరువు దొరికింది. చెక్క దగ్గరే ఆగిపోయాను. ఆల్డర్ సమంగా పలుకుతుందట, మహాగని వెచ్చగా ఉంటుందట, యాష్ గలగలమంటుందట. బాస్‌వుడ్ గురించి ఒకడు మెచ్చుకుంటే ఇంకొకడు తిడతాడు. చదివి చదివి బుర్ర వేడెక్కింది. మీరు చేతులతో కోసినవి, వాయించినవి చెప్పండి చాలు.

రంపంపొట్టు:
ముందు తూకం చూడండి, పేరు తర్వాత. ఇప్పటిదాకా తొమ్మిది బాడీలు కోశాను. మొదటిది యాష్. యాష్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని తెచ్చేసుకున్నాను. అందులో రెండు రకాలుంటాయని అప్పటికి తెలియదు. అమెరికా దక్షిణాన చిత్తడి నేలల్లో పెరిగిన చెట్టు మొదలు తేలిగ్గా ఉంటుంది, స్వాంప్ యాష్ అనేది దాన్నే. చలి ప్రాంతాల్లో పెరిగేది బేస్‌బాల్ బ్యాట్లకు వాడే గట్టి రకం. నా చేతికి వచ్చింది రెండోది. గుంటలన్నీ తవ్వాక కూడా ఉత్త బాడీయే 2.8 కిలోలు తూగింది. నాలుగు పాటలు నిలబడి వాయిస్తే ఎడమ భుజం పట్టేసేది. అదే ఆకారం ఆల్డర్‌లో రెండు కిలోలకు అటూ ఇటూగా వస్తుంది.

ఒకే జాతిలో కూడా పలకకూ పలకకూ తేడా ఉంటుంది. వీలైతే తూచి తీసుకోండి.

హమ్‌బకర్‌భక్తుడు:
తూకం సంగతి సరే, సౌండ్ మాటేంటి? 1952లో వచ్చిన గిబ్సన్ గిటార్ లెస్ పాల్‌కి మహాగని మీద మేపుల్ పలక ఊరికే అంటించలేదు కదా. నా దగ్గర ఒక మహాగని గిటార్ ఉంది. యాంప్లిఫయర్, అదే ఆంప్‌కి కలపకుండా ఒక కార్డ్ కొడితే పొట్టకు ఆనిన చోట అదురు తెలుస్తుంది. నా బాస్‌వుడ్ దాంట్లో ఆ ముచ్చట లేదు.

తీగమీదదుమ్ము:
ఈ గొడవ తేల్చుకుందామని నేను ఒక పిచ్చి పని చేశాను. బాస్‌వుడ్ బాడీ మీదున్న నెక్, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), పికప్‌లు, వైరింగ్‌తో సహా మొత్తం ఊడదీసి, అదే ఆకారంలో ఉన్న మహాగని బాడీకి ఎక్కించాను. కొత్త తీగలు, ఒకే ఆంప్, ఒకే సెట్టింగ్. పికప్ ఎత్తు కొలిచి మరీ పెట్టాను. రెండూ రికార్డు చేసి ఏది ఏదో చెప్పకుండా నలుగురు మిత్రులకు వినిపించాను. ఇద్దరు మొదటిది మహాగని అన్నారు, ఇద్దరు రెండోదన్నారు. నిజం చెప్పాలంటే ఫైల్ పేరు చూడకుండా నేనూ తడబడ్డాను.

తర్వాత బ్రిడ్జ్ పికప్‌ని రెండు మిల్లీమీటర్లు కిందికి దించి మళ్లీ వినిపించాను. ఈసారి నలుగురూ పట్టేశారు.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పికప్ మైకు కాదు. అయస్కాంతం మీద ఉక్కు తీగ ఊగితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది, అది పట్టేది తీగ కదలికనే. చెక్క ప్రభావం ఉంటే తీగ ఎలా ఊగి ఎలా ఆగుతుందన్న దారిలోంచే రావాలి. డేన్ఎలెక్ట్రో వాళ్లు 1950ల్లో చెక్క చట్రానికి పైనా కిందా మేసొనైట్ అట్ట అంటించి గిటార్లు అమ్మారు. 1969లో ఆంపెగ్ కంపెనీ డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిజైన్‌తో పారదర్శకమైన యాక్రిలిక్ బాడీ తెచ్చింది. వాటి సౌండ్ ఇష్టపడి వాయించినవాళ్లు తక్కువేం కాదు.

హమ్‌బకర్‌భక్తుడు:
నలుగురు మిత్రులతో శాస్త్రం తేలిపోదు సార్. పొట్టకు తెలిసే అదురు మాత్రం అబద్ధం కాదు.

తీగమీదదుమ్ము:
అది నేనూ ఒప్పుకుంటాను. వాయించేవాడికి తెలుస్తుంది, తెలిస్తే వాయించే తీరు మారుతుంది. దాన్ని ఆంప్‌లోంచి వచ్చే సౌండ్‌తో కలపొద్దనే నా గోల. ఆరుతీగలు గారూ, మీవి సింగిల్ కాయిల్ పికప్‌లైతే వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ గుండీ కింద ఉండే నిరోధకం) 250K (కిలో ఓమ్‌లు) వేస్తున్నారా, 500K వేస్తున్నారా అన్నదాని మీద ఒక రాత్రి నిద్ర పాడుచేసుకోండి, ఫలితం ఉంటుంది. 500 వేస్తే పైస్థాయి ఇంకా పదునుగా వినిపిస్తుంది.

బార్‌పట్టుకున్నోడు:
బాస్‌వుడ్ మీద నా ఏడుపు సౌండ్ గురించి కాదు. మరీ మెత్తన. గోరుతో గట్టిగా నొక్కితే గుర్తు పడుతుంది. నాది రెండు పోస్టుల (బ్రిడ్జ్‌ని మోసే స్క్రూలు) ట్రెమోలో, అంటే బార్ అనే కడ్డీ నొక్కితే బ్రిడ్జ్ కదిలి స్వరం వంగుతుంది. రెండేళ్లు బార్ విచ్చలవిడిగా వాడాక ట్యూనింగ్ నిలవడం మానేసింది. నట్ (నెక్ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) అనుకున్నాను, తీగలనుకున్నాను, నెల రోజులు తిప్పలు పడ్డాను. చివరికి టార్చి వేసి పక్క నుంచి చూస్తే సన్న తీగ వైపు పోస్టు నెక్ వైపుకి వాలి ఉంది, దాని వెనక చెక్కకీ ఇనుముకీ మధ్య గోరు దూరేంత సందు. రంధ్రం వెడల్పు చేసి, మేపుల్ బిరడా జిగురుతో దిగ్గొట్టి, ఆరాక మళ్లీ తొలిచి పోస్టు పెట్టాను. ఆ తర్వాత కదల్లేదు. కదలని బ్రిడ్జ్ అయితే బాస్‌వుడ్‌తో ఏ పేచీ లేదు, వెన్నలా కోసుకోవచ్చు.

తలబరువు:
మరీ తేలికైన చెక్క కోసం పోకండి, నా పేరు ఊరికే పెట్టుకోలేదు. పలోనియాతో చేశాను, బాడీ కిలోన్నర కూడా లేదు. చెయ్యి తీయగానే నెక్ నేల చూస్తుంది. ఎడమ చేత్తో నెక్ ఎత్తి పట్టుకుంటూ వాయించాలంటే కార్డులు ఎప్పుడు మార్చేది? చివరికి తేలిక ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) వేసి, గరుకు తోలు పట్టీ తగిలించి సర్దుకున్నాను.

రంపంపొట్టు:
ఫినిష్ (పైపూత) గురించి ఎవరూ చెప్పలేదు, మొదటిసారి చేసేవాళ్లను ఏడిపించేది అదే. యాష్‌కీ మహాగనికీ సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి. ఫిల్లర్ (రంధ్రాలు పూడ్చే ముద్ద) పట్టించి, ఆరనిచ్చి, శాండింగ్ చేసి, మళ్లీ పట్టించాలి. లేదంటే రంగు వేశాక వెలుగులో ప్రతి గీతా పల్లంగా కనిపిస్తుంది. ఆల్డర్, బాస్‌వుడ్, మేపుల్‌కి ఆ బాధ లేదు. 1954లో స్ట్రాటోకాస్టర్‌ని యాష్‌తో మొదలుపెట్టిన ఫెండర్ వాళ్లు 1956లో చాలావరకు ఆల్డర్‌కి మారిపోయారు. అప్పుడు కూడా బ్లాండ్ అనే లేత రంగుకి మాత్రం యాష్ ఉంచుకున్నారు, ఆ రంగు వెనక గీతలు కనబడితేనే అందం కాబట్టి. అంటే మనం పూజించే చాలా నిర్ణయాలు చెవితో చేసినవి కావు, పని సులువు కోసం చేసినవి.

ఇప్పుడు యాష్ దొరకడమూ కష్టమవుతోంది. ఆసియా నుంచి అమెరికా చేరిన ఒక పచ్చ పురుగు ఆ చెట్లను బెరడు కింద తొలిచేస్తోంది. 2020లో ఫెండర్ కూడా మామూలు మోడళ్లలో చాలావాటికి యాష్ ఆపేస్తున్నట్టు చెప్పింది.

కొత్తగాచేరా:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. పాత టేకు తలుపు పలక ఉంది నా దగ్గర. పనికొస్తుందా?

రంపంపొట్టు:
పనికొస్తుంది. ఏళ్ల తరబడి ఆరిన చెక్క వంకర తిరగదు, అదే పెద్ద లాభం. పచ్చి చెక్కతో చేస్తే ఆరుతూ ఆరుతూ నెక్ పాకెట్ (నెక్ కూర్చునే గుంట) ఆకారం మారిపోతుంది. తేమ 6 నుంచి 8 శాతం మధ్య ఉండాలంటారు. టేకుకి నూనె గుణం ఉంది, జిగురు పెట్టేముందు ఎసిటోన్‌తో తుడిచి వెంటనే అంటించండి. పాత మేకులు వెతికి తీయకపోతే మీ రూటర్ బిట్ గోవిందా. కొంచెం బరువే, లోపల గుంటలు తవ్వితే సర్దుకుంటుంది. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే తండ్రితో కలిసి ఇంట్లో చేసుకున్న గిటార్‌కి నెక్ పాత ఫైర్‌ప్లేస్ చెక్కే.

ఆరుతీగలు:
అందరికీ థాంక్స్. ఇవాళ తూకం యంత్రం పట్టుకుని మరీ వెళ్లాను, అక్కడివాళ్లు వింతగా చూశారు. చూడటానికి అచ్చు ఒకేలా ఉన్న రెండు ఆల్డర్ పలకల మధ్య అరకిలో తేడా! తేలికది తెచ్చాను. రెండు ముక్కలు అతికించింది, అతుకు సరిగ్గా మధ్యలో లేదు. పికప్‌ల వైరింగ్ 250K. సన్‌బర్స్ట్ (మధ్యలో పసుపు, అంచులకు ముదురు రంగు) వేస్తే ఆ అతుకు కనబడుతుందా?

రంపంపొట్టు:
మధ్యలో పసుపు భాగంలో కనబడుతుంది. ఏదో ఒక నిండు రంగు కొట్టేయండి. పాకెట్ తవ్వేముందు పాడైన చెక్క ముక్క మీద ఒకసారి ట్రయల్ వేసుకోండి, నెక్ పట్టి లేపితే ఊడి పడనంత బిగువు రావాలి.