కిట్ లెన్స్ నుంచి 24-70 ఎల్‌కి వెళ్లాలా? లక్షన్నర పెట్టడం నిజంగా అవసరమా?

పర్లాకిమిడి (ఒడిశా) నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. సగం మనవాళ్లవి, సగం ఒడియావాళ్లవి. సరిహద్దు దాటి పాతపట్నం, టెక్కలి వైపు కూడా పిలుస్తారు. నా దగ్గర కెనాన్ 200డి, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉన్నాయి. అంతే.

మాఘంలో ఒక పల్లెలో రాత్రి రెండున్నరకు ముహూర్తం. జనరేటర్ మీద నాలుగు లైట్లు వెలుగుతున్నాయి. జూమ్ 55కి తెచ్చేసరికి లెన్స్ తెరుచుకునేది ఎఫ్ 5.6 వరకే (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), సెన్సర్ సున్నితత్వం అంటే ఐఎస్‌ఓ 6400, షట్టర్ సెకనులో 60వ వంతు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో చేతులన్నీ చెదిరిపోయాయి, ముఖాల మీద గ్రెయిన్. ఫ్లాష్ వేద్దామంటే హోమం పొగ తెల్లటి తెరలా అడ్డొస్తోంది. పెళ్లికూతురి తండ్రి ఆల్బమ్ చూసి ఏమీ అనలేదు. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగి, తిప్పేశారు. అది ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

తెలిసిన ఫోటోగ్రాఫర్లంతా ఎఫ్ 2.8 ఉన్న 24-70 ఎల్ (ఎర్ర గీత ఉండే కెనాన్ ఖరీదైన రకం) కొనేయమంటున్నారు. ఫైనాన్స్‌లో తీసుకోవాలి. ఖరీదైన లెన్స్‌కి, మామూలు లెన్స్‌కి తేడా నిజంగా అంత ఉంటుందా? వాడినవాళ్లు చెప్పండి.

బరంపురం నుంచి జవాబు:

తమ్ముడూ, ఆ తండ్రి మౌనం నాకూ తెలుసు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నీ కష్టం ఎక్కడుందో చూడు. 5.6 నుంచి 2.8కి వెళ్తే సెన్సర్ మీద పడే వెలుగు నాలుగు రెట్లు. అంటే ఆ రాత్రి అదే మండపంలో నువ్వు ఐఎస్‌ఓ 3200, షట్టర్ 125 పెట్టుకోగలిగేవాడివి. గ్రెయిన్ తగ్గేది, చేతులు అంతగా చెదిరేవి కావు. ఇంకొకటి, ఫోకస్ పట్టేటప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌ని పూర్తిగా తెరిచే ఉంచుతుంది. 2.8 లెన్స్ అయితే చీకట్లో ఫోకస్‌కి కూడా ఎక్కువ వెలుగు అందుతుంది, ముందుకీ వెనక్కీ తడుముకోవడం తగ్గుతుంది. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. రాత్రిళ్లు పులి వేషాలు ట్యూబ్‌లైట్ల కింద గంతులేస్తుంటే కిట్ లెన్స్‌తో నేను పోగొట్టుకున్న ఫోటోలు లెక్కలేనన్ని. ఆ రాత్రుల్లోనే నాకు మంచి లెన్స్ విలువ తెలిసింది.

పగటి సంగతి వేరు. ఎండలో ఎఫ్ 8 పెట్టి బంధువుల గ్రూప్ ఫోటో తీసి ఆల్బమ్‌లో వేస్తే, ఏది కిట్ లెన్స్‌తో తీశావో, ఏది ఎల్ లెన్స్‌తో తీశావో నేను కూడా చెప్పలేను. ఖరీదైన గాజు పనితనం లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు బయటపడుతుంది. మూలలు మెత్తబడవు. వెనక నుంచి ఎల్‌ఈడీ లైటు కొడుతుంటే తెల్ల పంచె అంచున ఊదారంగు గీత రావడం బాగా తగ్గుతుంది. నీ పనిలో ఇవి అక్కరకొస్తాయి, కాదనను.

కానీ 24-70 నీ కెమెరాకి సరైన లెన్స్ కాదని నా అభిప్రాయం. 200డిది చిన్న సెన్సర్. దాని మీద 24 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పెద్ద సెన్సర్ కెమెరాలో, 38 లాగా కనిపిస్తుంది. మన ఇళ్లల్లో పెళ్లికూతుర్ని చేసే గది ఎంతుంటుంది? గోడకి వీపు ఆనించి నిలబడినా పీట, ముత్తయిదువలు, అద్దం అన్నీ ఫ్రేమ్‌లో పట్టవు. పైగా 24-70 ఎల్ రెండో వెర్షన్‌కి స్టెబిలైజర్ లేదు. వానకీ దుమ్ముకీ తట్టుకుంటుందంటారు, నిజమే. కానీ నీ బాడీకి ఆ రక్షణ లేనప్పుడు లెన్స్ ఒక్కటీ తట్టుకుని ఏం లాభం?

కెనాన్‌లోనే 2006లో వచ్చిన ఈఎఫ్-ఎస్ 17-55 ఉంది. జూమ్ ఎక్కడున్నా 2.8 మారదు, స్టెబిలైజర్ ఉంది, నీ సెన్సర్ కోసమే చేసింది. ఎర్ర గీత ఉండదు కాబట్టి పెళ్లివారికి గొప్పగా కనిపించదు, అంతే. నేను సెకండ్‌హ్యాండ్‌లో కొని ఆరేళ్లుగా వాడుతున్నాను. లోపల దుమ్ము చేరుతుంది, ముందర ఫిల్టర్ బిగించి ఉంచు. రేపు ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ కొంటే మాత్రం అది దానికి ఎక్కదు. ఇది తెలిసే కొను. స్టెబిలైజర్ నీ చేతి వణుకునే ఆపుతుంది, తలంబ్రాలు పోసే చేతిని ఆపలేదు. దానికి షట్టరే పెంచాలి.

కొనేముందు ఒక పని చెయ్యి. నీ చివరి మూడు పెళ్లిళ్ల ఫోటోలు లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఏ ఫోకల్ లెంగ్త్‌లో (జూమ్ ఏ అంకె దగ్గర) ఎన్ని తీశావో ఫిల్టర్ పెట్టి లెక్కపెట్టు. ఎవరి సలహా కన్నా ఆ లెక్క నయం.

జైపూర్ (కొరాపుట్ జిల్లా) నుంచి జవాబు:

నేను బరంపురం అన్నగారిలా ఆలోచించలేదు. అప్పు చేసి 70-200 ఎఫ్ 4 ఎల్ కొన్నాను. బొమ్మ అద్భుతంగా వచ్చేది. వానాకాలం నాలుగు నెలలూ దాన్ని తోలు సంచీలో పెట్టి బీరువాలో దాచాను. కొరాపుట్ వానల సంగతి మీకు తెలిసిందే. దసరాకి తీస్తే లోపలి గాజు మీద సాలెగూడులా ఫంగస్. సర్వీసుకి పంపితే శుభ్రం చేశారుగానీ పూత మీద మచ్చ ఉండిపోయింది, ఎదురు వెలుతురులో తీసిన బొమ్మ పాలిపోతోంది. దాన్ని చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఏ లెన్స్ కొన్నా మొదట గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు కొనండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారగానే ఆరబెట్టండి. ఇంకా చేతిలో డబ్బు తక్కువుంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 చూడండి. 160 గ్రాములు, పది వేలకి అటూ ఇటూ. ఈ సెన్సర్ మీద 80 లాగా పనిచేస్తుంది కాబట్టి జీలకర్ర బెల్లం సమయంలో ముఖాలకి సరిపోతుంది.

పర్లాకిమిడి నుంచి మళ్లీ:

ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. మూడు పెళ్లిళ్లలో పార్టీకి ఇచ్చినవి 2,140 ఫోటోలు. వాటిలో 1,260 దాకా 24 కన్నా కిందే ఉన్నాయి! 24-70 కొనుంటే సగం పైగా ఫోటోలకి గోడలు పగలగొట్టుకుని వెనక్కి వెళ్లాల్సివచ్చేది. ఫైనాన్స్ వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. 50 ఎంఎం ఆర్డర్ పెట్టాను, డబ్బా కూడా.

బరంపురం అన్నగారూ, వచ్చే నెల 11న కాశీనగర్‌లో రాత్రి పెళ్లి ఉంది. ముందురోజు నేనే వచ్చి తీసుకెళ్తాను, నా కెమెరా మీద మీ 17-55 ఒక్క రాత్రి వాడి చూసుకోనిస్తారా? అద్దె ఎంతన్నా ఇస్తాను.