పన్నెండు వారాలైనా తొడ లావెక్కలేదు: 83 ఏళ్ల అమ్మగారితో బరువుల వ్యాయామం మాన్పించాలా?

ప్రశ్న

నమస్కారం. మా అమ్మగారికి 83 ఏళ్లు. గత ఏడాది న్యుమోనియాతో చాలా రోజులు మంచం పట్టారు. అప్పటి నుంచి నడక బాగా నెమ్మదించింది, బరువు తగ్గారు, చిన్న పనికే అలసిపోతున్నారు. వైద్యులు పరీక్షించి, ఇది సార్కోపీనియా, అంటే కండరాల బలమూ పరిమాణమూ క్షీణించే వ్యాధి అని చెప్పి ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. అప్పటి నుంచి పన్నెండు వారాలుగా, వారానికి రెండు రోజులు, చీలమండలకు బరువులు కట్టుకొని కాళ్లు చాపడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటివి చేస్తున్నారు. చేతుల ఊతం లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి మొదట్లో 21 సెకన్లు పట్టేది, ఇప్పుడు 14 పడుతోంది. అయితే టేపుతో కొలిస్తే తొడ చుట్టుకొలత పెరగలేదు, శరీరంలో కండ ఎంతుందో చూపే యంత్రం కూడా పాత అంకెనే చూపిస్తోంది. కండే పెరగనప్పుడు ఈ వయసులో ఆవిడను ఇంత శ్రమ పెట్టడం దేనికి, రోజూ కాసేపు నడిపిస్తే సరిపోతుంది కదా అని మా అన్నయ్య అంటున్నాడు. ఫిజియోథెరపిస్టు మాత్రం ఇంకా బరువు పెంచుదామంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు 1 (వృద్ధులకు ఫిజియోథెరపీ చేసే సభ్యురాలు)

మీ దగ్గర ఉన్న మూడు కొలతల్లో నమ్మదగినది కుర్చీ పరీక్షే, అందులో అమ్మగారు చక్కగా మెరుగుపడ్డారు. ఐదుసార్లు లేవడానికి 15 సెకన్లకు మించి పడితే బలం తక్కువగా ఉన్నట్టని ఐరోపా నిపుణుల బృందం 2019లో ప్రచురించిన ప్రమాణాలు చెబుతున్నాయి. ఆసియా బృందం 2019 ప్రమాణాల్లో 12 సెకన్లనే హద్దుగా పెట్టారు. అంటే ఆవిడ ఒక హద్దు దాటారు, రెండోది ఇంకా మిగిలి ఉంది.

టేపు కండకూ కొవ్వుకూ తేడా చెప్పలేదు. ఆ యంత్రం కూడా శరీరంలోని నీటిని బట్టి కండను అంచనా వేసేదే కనుక, ఆ రోజు తాగిన నీళ్లూ, కాళ్లలోని వాపూ దాని అంకెను మార్చేస్తాయి. అసలు విషయం కండ ఎంతుందన్నది కాదు, ఉన్న కండ ఎంత పని చేస్తోందన్నది. దీన్నే కండరాల నాణ్యత అంటారు. డెబ్బై దాటినవారిని ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో, కండ తరిగిన దానికంటే బలం దాదాపు మూడు రెట్లు వేగంగా తగ్గినట్టు తేలింది. వెన్నుపాములో కండరాలను నడిపే నాడీకణాలు వయసుతో తగ్గిపోతాయి. అలా దిక్కులేనివైన కండరపు పోగుల్లో (కండలోని సన్నని తంతువుల్లో) కొన్నింటిని పక్కనున్న నాడీకణాలు చేరదీస్తాయి, తక్కినవి ఎండిపోతాయి. చటుక్కున లేవడానికి, తూలినప్పుడు నిలదొక్కుకోవడానికి పనికొచ్చే వేగపు పోగులే ముందుగా సన్నబడతాయి. పైగా పోగుల మధ్యకు కొవ్వు చేరుతుంది, అది సీటీ స్కాన్‌లో కండ సాంద్రత తగ్గినట్టుగా కనిపిస్తుంది.

వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో బాగుపడేది చాలావరకు నాడుల ఆజ్ఞే, కండ పరిమాణం తరువాత నెమ్మదిగా పెరుగుతుంది. 1990లో పరిశోధకురాలు మరియా ఫియాటరోన్ బృందం, సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది బలహీన వృద్ధులతో ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేయించింది. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగితే, తొడ కండ మాత్రం 9 శాతం దాకా పెరిగింది. మీ టేపుకు చిక్కనిది ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే. వాళ్లు ఎత్తినవి కూడా తేలిక బరువులు కావు, ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం.

నడక గుండెకూ ఆయాసానికీ మంచిదే, కానీ కండరానికి అలవాటైన భారాన్ని అది మించదు. ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చేసేసరికి చివరి రెండూ కష్టమనిపించాలి. పదికి ఆరో ఏడో అన్నంత శ్రమ. పన్నెండూ సునాయాసంగా అయిపోతుంటే బరువు పెంచే సమయం వచ్చినట్టే.

జవాబు 2 (తండ్రిని చూసుకుంటున్న సభ్యుడు)

మేము చేసిన పొరపాటు చెబుతాను. నాన్నగారికి ఏమవుతుందోనన్న భయంతో ఆరు నెలలు ఒకే కిలో బరువు కట్టించాం. మొదటి రెండు నెలల్లో వచ్చిన మార్పు తరువాత ఆగిపోతే, వయసు కదా అనుకున్నాం. బరువు పెంచాక మళ్లీ మార్పు మొదలైంది. భయం ఆయనది కాదు, మాది.

జవాబు 3 (వైద్యుడు)

పై రెండు జవాబులతో ఏకీభవిస్తూ, కొన్ని జాగ్రత్తలు చేరుస్తాను. ఛాతీ నొప్పి, అదుపులో లేని బీపీ, ఈమధ్య విరిగిన ఎముక వంటివి ఉంటే ముందు వైద్యులను కలవాలి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా, పైకి లేచేటప్పుడు ఊపిరి వదలాలి. మాంసకృత్తుల విషయానికొస్తే, వృద్ధులకు రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకూ 1 నుంచి 1.2 గ్రాములు, జబ్బుపడి కోలుకుంటున్నవారికి ఇంకాస్త ఎక్కువ సూచిస్తారు. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి ఈ లెక్క వర్తించదు. పౌడరు ఒక్కటే కలిపి ఇస్తే బలం వస్తుందని మాత్రం అనుకోకండి. అదే ఫియాటరోన్ బృందం 1994లో వందమంది వృద్ధాశ్రమవాసులతో చేసిన ప్రయోగంలో వ్యాయామం బలాన్ని రెట్టింపుకు మించి పెంచింది, వ్యాయామం లేని పోషక పానీయం మాత్రం దాన్ని పెంచలేకపోయింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యకు ఈ జవాబులు చదివి వినిపించాను, సరేనన్నాడు. ఒక్క సందేహం మిగిలింది: అమ్మకు మోకాళ్ల అరుగుదల ఉంది, కుర్చీ వ్యాయామం చేసిన రోజు సాయంత్రం కాస్త నొప్పి అంటున్నారు. మానిపించాలా?

జవాబు 1 రాసిన సభ్యురాలు

మర్నాటికల్లా తగ్గే కొద్దిపాటి నొప్పి అయితే మానిపించనక్కర్లేదు. మర్నాడూ ఉన్నా, మోకాలు వాచినా, మెత్త వేసి కుర్చీ ఎత్తు పెంచండి, అంత లోతుకు వంగవలసిన పని ఉండదు. నొప్పి తగ్గాక మెత్తను క్రమంగా పలచన చేయవచ్చు. సెకన్లు లెక్కపెట్టే రోజున మాత్రం మెత్త తీసేసి, మొదట కొలిచిన కుర్చీలోనే కొలవండి. ఎత్తు మారితే 14కూ పాత 21కీ పోలిక కుదరదు.