సముద్ర ఆమ్లీకరణ: ముందు నిలదీయవలసింది బస్సునా, సిమెంటు బట్టీనా?

చర్చాంశం: తిరుమల ఘాట్ రోడ్డులో 2022 నుంచి విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. సముద్రాన్ని ఆమ్లమయం చేస్తున్న కార్బన్ డయాక్సైడ్ విషయంలో రవాణాపై ఉన్న శ్రద్ధ పరిశ్రమలపై లేదన్న వాదన సరైనదేనా?

లారీ యజమాని, రేణిగుంట:
సరైనదే. బండి పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ బండినే తప్పుపడతారు. దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు 70 శాతం బొగ్గు నుంచే వస్తున్నప్పుడు, పొగ కొండ దారి వదిలి థర్మల్ కేంద్రం గొట్టానికి చేరిందే తప్ప సముద్రానికి ఒరిగిందేమిటి?

విద్యార్థిని, చిత్తూరు:
ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇంజను ఎంత కొత్తదైనా ఈ లెక్క మారదండీ. విద్యుత్ బస్సు కొండ దిగేటప్పుడు బ్రేకుల శక్తిలో కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. సౌర విద్యుత్ వాటా పెరిగేకొద్దీ అదే బస్సు వల్ల కలిగే కాలుష్యం తగ్గుతుంది. డీజిల్ బస్సుకు ఆ అవకాశమే లేదు.

రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి:
మీ ఇద్దరి వాదనలోనూ ఇంధనం ఉంది గానీ సున్నపురాయి లేదు. మనుషుల వల్ల ఏటా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. నీటిలో కరిగిన ఆ వాయువు కార్బోనిక్ ఆమ్లంగా మారి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. ఆల్చిప్పలు, పగడాలు తమ గుల్ల కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్‌ను ఆ అయాన్లు ముందే పట్టేసుకుంటాయి. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దాకా ఉన్న సముద్రోపరితల పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరిగినట్టు) ఇప్పుడు సుమారు 8.1. అంకెల్లో తేడా స్వల్పమే, కానీ హైడ్రోజన్ అయాన్లు 30 శాతం దాకా పెరిగాయని దాని అర్థం. మన తిరుపతి జిల్లాకు పులికాట్ వైపు సముద్ర తీరం ఉంది, ఇది ఎవరో పరాయివాళ్ల గొడవ కాదు.

ఇక బట్టీ సంగతి. వెయ్యి కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే, బొగ్గు మాట అలా ఉంచినా, రాయిలోంచే సుమారు 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. బట్టీని రేపు సౌరశక్తితో వేడి చేసినా ఇది ఆగదు. బస్సుకు ప్రత్యామ్నాయం దొరికింది, సున్నపురాయిని బట్టీలో కాల్చి చేసే సిమెంటు మూలపదార్థం క్లింకరుకు ఇంకా పూర్తిగా దొరకలేదు. అందుకే నేను ముందు అడిగేది బట్టీనే.

లారీ యజమాని, రేణిగుంట:
అయితే సార్, సిమెంటు లేకుండా ఇళ్లు కట్టుకోమంటారా?

రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి:
లేదండీ, క్లింకరును తగ్గించమంటున్నాను. బొగ్గు కాలగా మిగిలే బూడిద, అంటే ఫ్లైయాష్‌ను 35 శాతం వరకు కలిపిన పీపీసీ సిమెంటు ఏ దుకాణంలోనైనా దొరుకుతున్నా, స్లాబు అనగానే దాదాపు అంతా క్లింకరే ఉండే 53 గ్రేడు ఓపీసీ (సాధారణ సిమెంటు) మాత్రమే కావాలని మేస్త్రీలు పట్టుబడతారు, ఇంజనీర్లు తలూపుతారు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకరును దాదాపు సగానికి తగ్గించే సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. యాత్రికుల కోసం ఏటా ఇన్ని వసతి గృహాలు లేస్తున్న ఈ ఊళ్లో, ప్రభుత్వ టెండర్లలో ఎక్కడెక్కడ ఏ సిమెంటు వాడాలో రాసే ఆ ఒక్క పేరాను మార్చమని మనం అడగాలి.